కాలి వేలి నుంచి మెదడు దాకా: నాడీ సంకేతం వేగం కొలిచిన డైరీ

మొదటి రోజు, రాత్రి

మేనల్లుడి కాలి బొటనవేలు ఈ సాయంత్రం మంచం కోడుకి గట్టిగా తగిలింది. కాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. నొప్పి కాస్త తగ్గాక అడిగాడు: "మామయ్యా, తగిలిందని వెంటనే తెలిసింది. అసలు నొప్పి మాత్రం కాసేపాగి వచ్చింది. మధ్యలో 'అమ్మో, ఇప్పుడొస్తుంది' అనుకునేంత టైముంది. దెబ్బ ఒక్కటే కదా, కబురు రెండుసార్లు ఎందుకొచ్చింది?"

సమాధానం పుస్తకంలో ఉంది, చదివి చెప్పేయొచ్చు. కానీ వాడు పదో తరగతి. నాడీ వ్యవస్థ పాఠం పరీక్ష కోసం బట్టీ పట్టేశాడు. నాడీకణం బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే రెండు నిమిషాల్లో గీసిస్తాడు. ఆ బొమ్మలోని తీగ తన కాల్లోనే మీటరు పొడవున పరుచుకుని ఉందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదట. అందుకే చెప్పకుండా, కొలుద్దామన్నాను. సంకేతం ఎంత వేగంగా వెళ్తుందో మన ఒంటి మీదే కొలవాలి. ఇదీ ప్రాజెక్టు.

రెండో రోజు

స్కేలుతో మొదలుపెట్టాం. నేను 30 సెంటీమీటర్ల స్కేలుని నిలువుగా పట్టుకుంటాను. వాడు కింద, సున్నా గీత దగ్గర, బొటనవేలూ చూపుడువేలూ కాస్త ఎడంగా ఉంచుతాడు. చెప్పకుండా వదిలేస్తాను, వాడు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారిందో చూస్తే ఎంతసేపు పట్టిందో తెలిసిపోతుంది. కిందపడే వస్తువుకి ఆ లెక్క అందరికీ ఒక్కటే.

ఇరవైసార్లు వదిలాం. సగటు 20 సెంటీమీటర్లు, అంటే 0.20 సెకను. తర్వాత కళ్ళు మూసుకోమని, స్కేలు వదిలే క్షణంలోనే రెండో చేత్తో వాడి భుజం తాకాను. ఈసారి సగటు 14 సెంటీమీటర్లే, 0.17 సెకను. చూసి పట్టుకోవడం కన్నా తాకితే పట్టుకోవడమే త్వరగా జరిగింది. వాడు నమ్మలేదు, మళ్ళీ చేయించాడు. అదే వచ్చింది. కన్ను మెదడుకి ఎంత దగ్గరగా ఉన్నా, రెటీనాలో వెలుగుని నాడీ సంకేతంగా మార్చే రసాయన పని కొంత సమయం తింటుంది. చర్మంలో అలా కాదు, ఒత్తిడి పడగానే నాడి కొసలోని ద్వారాలు నేరుగా తెరుచుకుంటాయి.

వాడు వెంటనే కాగితం మీద లెక్క వేశాడు. మెదడు నుంచి వేళ్ళ దాకా ఒక మీటరు, పట్టింది 0.2 సెకను, కాబట్టి సెకనుకి 5 మీటర్లు. లెక్క సరే, ఆలోచనలోనే తప్పుంది. ఆ 0.2 సెకనులో కన్ను చేసిన పని, మెదడు తేల్చుకున్న సమయం, కండరం బిగుసుకోవడానికి పట్టిన సమయం అన్నీ కలిసిపోయాయి. అందులో తీగ వాటా ఎంతో విడదీయకుండా వేగం చెప్పలేం.

ఈ ముడి విప్పింది జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్స్. 1850లో. ఆయన గురువు జొహానెస్ ముల్లర్ అంతటివాడే నాడీ సంకేతం వేగాన్ని కొలవడం బహుశా ఎప్పటికీ సాధ్యం కాదని రాశాడు. హెల్మ్‌హోల్ట్స్ కప్ప కాలి నాడిని కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి విద్యుత్తుతో ఉత్తేజపరిచాడు. కండరం కదలడానికి పట్టే సమయం రెండిట్లోనూ ఒక్కటే కాబట్టి, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే అది కొట్టుకుపోతుంది. మిగిలిన తేడా అంతా తీగదే. వచ్చిన వేగం సెకనుకి సుమారు 27 మీటర్లు. తీసివేత అంత సాధారణమైన పనితో, అసాధ్యమన్నది తేలిపోయింది. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మనమూ తీసివేతే చేయాలి.

ఆరో రోజు, ఆదివారం

అక్క కుటుంబం, స్నేహితులు, వాళ్ళ పిల్లలు కలిపి పదిమందిమి నేల మీద గుండ్రంగా కూర్చున్నాం. ప్రతి ఒక్కరూ పక్కవాళ్ళ భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకోవాలి. తన భుజం నొక్కినట్టు తెలియగానే పక్కవాళ్ళ భుజం నొక్కాలి. పది చుట్లు తిరిగితే వంద అందింపులు. స్టాప్‌వాచ్ నా దగ్గర. తర్వాత అదే ఆట, భుజం బదులు చీలమండ పట్టుకుని. చీలమండ నుంచి మెదడుకి దారి పొడుగు కాబట్టి ఎక్కువ సమయం పట్టాలి.

భుజం: 24.6 సెకన్లు. చీలమండ: 22.8 సెకన్లు.

పొడుగు దారిలో కబురు ముందే వచ్చేసింది! పిల్లలు నా మొహం చూశారు. నేను కాగితం చూశాను. అక్క అడిగింది, "ఒరేయ్, రెండోసారికి అందరికీ చెయ్యి తిరిగింది కదరా?" అంతే. భుజం ముందు చేశాం, చీలమండ తర్వాత చేశాం. ఈలోగా అందరూ ఆటలో ఆరితేరారు. మేం కొలిచింది నాడిని కాదు, అభ్యాసాన్ని. అప్పటికే చిన్నపిల్లలు అలిసిపోయారు, ఆపేశాం.

పదమూడో రోజు, ఆదివారం

అదే పదిమంది. ఈసారి లెక్కలోకి తీసుకోకుండా ముందు ఐదు నిమిషాలు ప్రాక్టీసు. తర్వాత భుజం, చీలమండ, చీలమండ, భుజం; మళ్ళీ చీలమండ, భుజం, భుజం, చీలమండ. ఇలా అటూఇటూ మారిస్తే అలవాటు ప్రభావం రెండు వైపులా సమంగా పడుతుంది.

భుజం సగటు 20.3 సెకన్లు, చీలమండ సగటు 22.6 సెకన్లు. తేడా 2.3 సెకన్లు. వంద అందింపులకి పంచితే ఒక్కొక్కరికి 23 మిల్లీసెకన్లు. టేపు పెట్టి అందరికీ కొలిచాం. చీలమండ నుంచి తల వెనక దాకా ఉన్న దూరంలోంచి భుజం నుంచి తల వెనక దాకా ఉన్న దూరం తీసేస్తే సగటున 1.15 మీటర్లు. భాగిస్తే సెకనుకి 50 మీటర్లు.

స్పర్శని మోసే నాడీతంతువుల వేగం పుస్తకాల్లో సెకనుకి సుమారు 35 నుంచి 75 మీటర్లని ఉంటుంది. స్టాప్‌వాచ్, టేపు, పదిమంది మనుషులతో సరిగ్గా ఆ మధ్యలో పడ్డాం. గంటకి లెక్కేస్తే 180 కిలోమీటర్లు.

పదిహేనో రోజు

మేనల్లుడికి సంతోషంతోపాటు అనుమానం కూడా వచ్చింది. "కరెంటే కదా మామయ్యా, మరి ఇంత నెమ్మదేంటి? వైరులో కరెంటు ఇలా ఉండదుగా?"

డామినో బిళ్ళలు తీశాం. వరసగా నిలబెట్టి మొదటిదాన్ని తోస్తే చివరిది పడుతుంది. కానీ మొదటి తోపులోని బలం చివరిదాకా ప్రయాణం చేయదు. ప్రతి బిళ్ళా తను నిలబడి దాచుకున్న బలంతోనే పడుతుంది. నాడిలో జరిగేది దీనికి చాలా దగ్గర. ఖాళీగా ఉన్న నాడీకణంలో, బయటితో పోలిస్తే లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు ఉంటుంది. నిలబెట్టిన బిళ్ళంటే ఇదే. మైనస్ 55 దాకా వచ్చిందంటే సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి, బయటి సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, వోల్టేజి ప్లస్ 30 దాటిపోతుంది. వెంటనే పొటాషియం బయటికి వెళ్ళి మళ్ళీ కిందికి దించుతుంది. మొత్తం ఒక మిల్లీసెకను కథ. ఈలోగా ఆ అలజడి పక్క ముక్కని మైనస్ 55 దాటిస్తుంది, అక్కడా ఇదే జరుగుతుంది. అలా ముక్క ముక్కకీ కొత్తగా పుడుతూ వెళ్తుంది కాబట్టే మీటరు దూరం వెళ్ళినా సంకేతం చిక్కిపోదు. నెమ్మదిగా వెళ్ళడానికీ అదే కారణం.

ఇంకో సంగతి కూడా బిళ్ళలే చూపించాయి. పడిన బిళ్ళ మళ్ళీ వెంటనే పడలేదు. సోడియం ద్వారాలు కూడా ఒకసారి తెరిచి మూసుకున్నాక కాసేపు తెరుచుకోవు. అందుకే సంకేతం వెనక్కి తిరగదు. గట్టిగా తోసినా మెల్లిగా తోసినా బిళ్ళ ఒకేలా పడుతుంది. నాడిలోనూ దెబ్బ గట్టిదైతే సంకేతం పెద్దదవదు, సెకనుకి ఎక్కువసార్లు వస్తుంది. ఒకే ఎత్తు, వేరే లయ.

ఇక వేగం పెంచడం ఎలా? వాడే కనిపెట్టాడు. అయిదారు బిళ్ళలు తీసేసి ఆ ఖాళీలో ఒక సన్నని పుల్ల పడుకోబెట్టాడు. ఇటు బిళ్ళ పడి పుల్లని తోస్తే, అటు చివర బిళ్ళ తక్షణం పడింది. మైలిన్ తొడుగు చేసేది దాదాపు ఇదే. నాడీతంతువుకి కొవ్వు పొర చుట్టి ఉంటుంది, మధ్యమధ్య రాన్వియర్ కణుపుల దగ్గర మాత్రమే తంతువు బయటపడి ఉంటుంది. తొడుగు కింద అలజడి చప్పున పాకిపోతుంది, కణుపు దగ్గర మళ్ళీ కొత్తగా పుడుతుంది.

తొడుగు లేని నాడి వేగం పెరగాలంటే ఒక్కటే దారి, లావుగా ఉండటం. స్క్విడ్ అనే సముద్రజీవి దేహంలో అలాంటి తంతువొకటి మిల్లీమీటరు దాకా లావుంటుంది. హాడ్కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో అయాన్ల లెక్క తేల్చింది దాని మీదే, 1963లో నోబెల్ వచ్చింది. అంత లావుండీ అది సెకనుకి పాతిక మీటర్ల చుట్టూనే. మన తంతువుల్లో మందమైనవి కూడా మిల్లీమీటరులో యాభయ్యో వంతు మించవు. తొడుగు ఉండబట్టి వాటిలో కొన్ని సెకనుకి 100 మీటర్లు కూడా దాటతాయి. తొడుగు లేకుండా ఇంత వేగం కావాలంటే మన వెన్నుపాము ఎంత లావుండాలో వాడు లెక్క మొదలుపెట్టి మధ్యలో వదిలేశాడు.

ఇరవయ్యో రోజు

మనుషుల గొలుసు బాగుంది గానీ, అది వందసార్ల సగటు. ఒక్క సంకేతాన్ని కళ్ళతో చూడాలనిపించింది. మోకాలి చిప్ప కింద సుత్తితో కొడితే తొడ కండరం ఎంతసేపటికి స్పందిస్తుందో కొలుద్దామనుకున్నాం. కండరం బిగుసుకునేటప్పుడు పుట్టే విద్యుత్తుని చర్మం మీద నుంచే పట్టుకునే చిన్న సెన్సార్ బోర్డు, జిగురు ఎలక్ట్రోడ్లు, రీడింగులు తీసుకునే ఆర్డినో అనే బుల్లి కంప్యూటరు బోర్డు తెచ్చాను. ఒక రబ్బరు సుత్తి మొహానికి, దెబ్బ తగిలితే వోల్టేజి పుట్టించే పీజో డిస్కు అంటించాను. సుత్తి తగిలిన క్షణాన్ని అది చెప్తుంది. పీజో నుంచి వచ్చే వోల్టేజి ఒక్కోసారి ఆర్డినో తట్టుకోలేనంత ఉంటుంది కాబట్టి దానికి అడ్డంగా 1 మెగా ఓమ్ రెసిస్టరు పెట్టాను.

ఇరవై మూడో రోజు

మూడు రోజులు చెత్త రీడింగులే. రెండు తప్పులు దొరికాయి.

మొదటిది. ప్రతి రీడింగునీ వచ్చింది వచ్చినట్టు కంప్యూటరుకి పంపిస్తున్నాను. వేగం 9600 బాడ్, అంటే సెకనుకి 9600 బిట్లు. ఆ వేగంలో ఒక్క లైను వెళ్ళడానికే దాదాపు 9 మిల్లీసెకన్లు. ఇరవై మిల్లీసెకన్ల సంగతిని 9 మిల్లీసెకన్లకోసారి చూస్తే ఏం కనిపిస్తుంది? కోడు మార్చాను. సుత్తి తగలగానే మిల్లీసెకనుకి ఒకటి చొప్పున 400 రీడింగులు ఆర్డినో మెమరీలోనే పెట్టుకుని, అంతా అయ్యాక తీరిగ్గా పంపుతుంది.

రెండోది మోసపు తప్పు. 20 మిల్లీసెకన్ల దగ్గర చక్కని అల కనపడింది. పుస్తకం చెప్పే సంఖ్య కూడా దాదాపు అదే కావడంతో ఎగిరి గంతేశాం. కాసేపటికి మేనల్లుడు సుత్తి కొట్టకుండానే రికార్డింగు మొదలుపెట్టే బటన్ నొక్కి చూశాడు. అల అలాగే వచ్చింది! 40 దగ్గర, 60 దగ్గర కూడా ఉంది. ఇంటి కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, అంటే 20 మిల్లీసెకన్లకోసారి. ల్యాప్‌టాప్ ఛార్జరు గుండా అది లోపలికి దూరుతోంది. ఛార్జరు పీకేశాం, అల పోయింది. నిజానికి మొదటినుంచీ పీకి ఉంచాల్సింది. ఒంటికి ఎలక్ట్రోడ్లు అంటించి ఉన్నప్పుడు ఆ గొలుసులో ఏదీ గోడ ప్లగ్గుకి తగిలి ఉండకూడదు, అన్నీ బ్యాటరీ మీదే నడవాలి. ఎవరైనా ఇది చేయబోతే ఈ ఒక్కమాట ముందు గుర్తుపెట్టుకోండి.

ఇరవై ఏడో రోజు

అక్క ఫిజియోథెరపిస్టు. మోకాలి చిప్ప కింద ఎక్కడ కొట్టాలో తనే చూపించింది. మేనల్లుడు ఎత్తైన బల్ల మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు, తొడ ముందు భాగాన ఎలక్ట్రోడ్లు. అక్క కొట్టింది, కాలు కదల్లేదు. మళ్ళీ కొట్టింది, లేదు. టెన్షన్‌తో కాలు బిగబట్టి ఉన్నాడు. "నాన్నా, రెండు చేతుల వేళ్ళూ ఒకదాన్లో ఒకటి కొక్కెంలా తగిలించి గట్టిగా లాగు," అంది అక్క. లాగాడు. ఈసారి కాలు ఎగిరి పడింది.

ఈ చిట్కా హంగరీ వైద్యుడు యెంద్రాషిక్ పేరు మీద ఉంది. చేతులు లాగితే కాలెందుకు స్పందించాలి? మోకాలి ప్రతీకార చర్య వెన్నుపాములోనే పూర్తవుతుంది, మెదడు దాకా పోదు. అయినా పైనుంచి వచ్చే నాడులు వెన్నుపాములోని ఆ నాడీకణాలు ఎంత తేలిగ్గా స్పందించాలో ఎప్పుడూ సవరిస్తూనే ఉంటాయి. చేతుల శ్రమతో ఆ సవరింపు మారుతుంది.

తెర మీద: సుత్తి తగిలింది, సున్నా. గీత నున్నగా సాగుతోంది. 22 మిల్లీసెకన్ల దగ్గర ఒక్కసారి పైకి లేచి కిందికి పడింది. పన్నెండు దెబ్బలు కొట్టాం. 21, 22, 22, 23... అన్నీ అక్కడే. స్కేలు ఆటలో వాడి సంఖ్యలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండేవి. ఇక్కడ మిల్లీసెకను అటూఇటూ, అంతే. మధ్యలో ఒకే ఒక్క సంధి, అంటే ఒక నాడీకణం ఇంకోదానికి కబురు అందించే చోటు, ఉన్న దారి ఇది. కండరం సాగిందన్న కబురు తెచ్చిన నాడి, అదే కండరాన్ని నడిపే నాడికి నేరుగా అందిస్తుంది. ఆలోచించేవాళ్ళు మధ్యలో లేరు.

తర్వాత నేనొకటి అడిగాను. "ఈసారి సుత్తి తగిలినట్టు తెలియగానే నువ్వే కావాలని తన్ను. కళ్ళు మూసుకో." అక్క కొట్టింది. గీత మీద రెండు ఉబ్బులు వచ్చాయి. ఒకటి 22 దగ్గర, చిన్నది. మళ్ళీ నున్నగా. తర్వాత 160 దగ్గర ఇంకోటి, పెద్దది, చిక్కగా. ఒకే కాలు, ఒకే దెబ్బ, ఒకే కండరం. మొదటిది వెన్నుపాము ఇచ్చిన జవాబు, రెండోది వాడిచ్చిన జవాబు. ముగ్గురం తెర ముందు చాలాసేపు కదల్లేదు. మెదడూ వెన్నుపామూ అని పుస్తకం రెండు పేర్లు రాసి గీత గీస్తుంది. ఆ గీత ఇక్కడ 138 మిల్లీసెకన్ల ఖాళీగా కనపడుతోంది.

ఆ 160లో తీగ వాటా ఎంత? కాలి నుంచి మెదడుకి సుమారు పాతిక, మెదడు నుంచి తొడకి ఇంకో పాతిక. మిగతా నూటపదీ మెదడులోనే. ఒక్క సంధి దాటడానికి సుమారు అర మిల్లీసెకనే పడుతుంది. కానీ మెదడులో ఒక కణం చప్పున పక్కకి అందించేయదు. వేల సంధుల నుంచి వచ్చేవన్నీ కూడుకుని హద్దు దాటేదాకా ఆగుతుంది. అలాంటివి వరసగా ఎన్నో. మన ఆలస్యమంతా దారిలో లేదు, తేల్చుకోవడంలో ఉంది.

ఈ సంధి దగ్గర కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. నాడీ వ్యవస్థని పరిశోధించిన ఇద్దరిలో గోల్జీ అంతా ఒకే వల అన్నాడు, కహాల్ విడివిడి కణాలన్నాడు, ఇద్దరికీ 1906లో నోబెల్ కలిపి ఇచ్చారు. కహాల్ మాటే నిలబడింది. మధ్యలో మిల్లీమీటరులో యాభై వేలో వంతు ఖాళీ ఉంటుంది, దాన్ని దాటించేది ఎక్కువచోట్ల రసాయనం. 1921లో ఆటో లోవి ఒక కప్ప గుండె నాడిని ఉత్తేజపరిచి, ఆ గుండెని తడిపిన ద్రవాన్ని ఇంకో గుండె మీద పోశాడు. రెండోదీ నెమ్మదించింది. నాడి ఇచ్చిన కబురు ద్రవంలో ఉంది.

ముప్పై నాలుగో రోజు

22 మిల్లీసెకన్ల నుంచి వేగం తీయాలంటే దారి పొడవు కావాలి. పెద్ద కాగితం మీద మేనల్లుణ్ణి పడుకోబెట్టి చుట్టూ గీశాం. మెదడు, వెన్నుపాము వేశాం, వాటినుంచి పుట్టే నాడులు కూడా: తల నుంచి 12 జతలు, వెన్ను నుంచి 31 జతలు. కబురు తెచ్చే నాడులు నీలం, వెన్నుపాములోకి వెనకనుంచి దూరతాయి. ఆజ్ఞ మోసే నాడులు ఎరుపు, ముందునుంచి బయటికొస్తాయి. గుండెనీ పేగుల్నీ మనల్ని అడగకుండా నడిపే స్వయంచోదిత నాడులకి ఆకుపచ్చ.

వాడు తొడ నుంచి నడుము అడుగున తోకఎముక దాకా కొలిచి 30 సెంటీమీటర్లు రాశాడు. రానూపోనూ 60. వెన్నుపాములోని సంధికీ, నాడి కండరాన్ని కలిసే చోటుకీ కలిపి 2 మిల్లీసెకన్లు తీసేసి భాగిస్తే సెకనుకి 30 మీటర్లు. మరీ తక్కువ. అక్క కాగితం చూసి, "వెన్నుపాము అక్కడిదాకా ఉండదు నాన్నా," అని బొమ్మలో కింది భాగం చెరిపేసింది. వెన్నెముక పొడుగునా వెన్నుపాము ఉండదు. పెద్దవాళ్ళలో అది నడుము పూసల్లో మొదటిదో రెండోదో వచ్చేసరికే అయిపోతుంది. అక్కణ్ణుంచి కింద ఉండేది గుర్రపు తోకలా వేలాడే నాడుల కట్ట. కాబట్టి కాలి కబురు ఆ కట్ట గుండా పైకెక్కి, అక్కడ మలుపు తిరిగి, మళ్ళీ దిగాలి. కొత్తగా కొలిస్తే 55 సెంటీమీటర్లు. రానూపోనూ 110. 20 మిల్లీసెకన్లతో భాగిస్తే సెకనుకి 55 మీటర్లు.

అనుమానం తీరక మడమ వెనక స్నాయువు కూడా కొట్టాం. కుర్చీ మీద మోకాళ్ళు ఆనించి, పాదాలు వెనక్కి వేలాడేసి, పిక్క మీద ఎలక్ట్రోడ్లు. 36 మిల్లీసెకన్లు. మోకాలి కన్నా 14 ఎక్కువ. పిక్క దాకా అదనపు దారి 40 సెంటీమీటర్లు, రానూపోనూ 80. సెకనుకి 57 మీటర్లు. ఇది హెల్మ్‌హోల్ట్స్ తీసివేతే. వెన్నుపాములో ఎంతసేపు పట్టిందో, కండరం ఎంతసేపు తీసుకుందో తెలియక్కర్లేదు, కొట్టుకుపోతాయి.

మనుషుల గొలుసు 50, మోకాలు 55, మడమ 57. మూడు వేరే దార్లు.

ముప్పై అయిదో రోజు

కాగితం బొమ్మలో కాలి బొటనవేలు దగ్గర మూడు గీతలు గీశాం. వేలి నుంచి వెన్నుపాము దాకా 1.1 మీటర్లు. తగిలిందన్న స్పర్శ, మేం కొలిచిన 50 మీటర్ల వేగంతో, 22 మిల్లీసెకన్లలో వెన్నుపాము చేరుతుంది. నొప్పిని తెచ్చే నాడులు వేరే. వాటి వేగం మేం కొలవలేదు, పుస్తకం నుంచి తీసుకున్నాం. సన్నని తొడుగున్నవి సెకనుకి 15 మీటర్లనుకుంటే 73 మిల్లీసెకన్లు, ఇది చురుక్కుమనే మొదటి నొప్పి. తొడుగే లేనివి సెకనుకి మీటరు చొప్పున నడుస్తాయి, వాటికి ఒక సెకను పైనే పడుతుంది. సలుపుతూ మండుతూ నిలిచిపోయే రెండో నొప్పి అది.

"అమ్మో, ఇప్పుడొస్తుంది" అనుకునే టైము మూడో గీత పక్కన వాడే రాశాడు: 1 సెకను. కింద తన పేరు, తేదీ వేశాడు.

వచ్చే ఆదివారం పిక్కని చల్లటి నీళ్ళలో ఉంచి మడమ మళ్ళీ కొడతాం. చలికి అయాన్ల ద్వారాలు నెమ్మదిగా తెరుచుకుంటాయి కాబట్టి 36 కాస్త పెరగాలి. ఎలక్ట్రోడ్లు తడవకుండా పైన ఏం చుట్టాలో ఇంకా తేలలేదు.